జాగా లేనివాళ్లకు ఇల్లు వచ్చేదాకా కిరాయి సాయం కావాలి!

రెంజల్ మండలంలో కిరాయి ఇళ్లల్లో ఉంటున్న అక్కలారా, అన్నలారా! మన బాధ తెలిసిన ఊరి పెద్దలారా!

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా జరిగిన ప్రజాపాలన సభల్లో ఇందిరమ్మ ఇంటి కోసం మనందరం ఒకే వరుసలో నిలబడి ఒకే ఫారం నింపి ఇచ్చాం. జాబితాలు వచ్చేసరికి ఆ ఒక్క వరుస మూడైంది. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లను ఎల్-1 అన్నారు. జాగా, ఇల్లు రెండూ లేనివాళ్లను ఎల్-2 అన్నారు. తక్కినవాళ్లు ఎల్-3. తొలి విడత మంజూరు ఎల్-1 వాళ్లకు దక్కింది. బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే లక్షా పాతిక వేలు, స్లాబు పడితే లక్షా డెబ్బై అయిదు వేలు, ఇల్లు పూర్తయితే మరో లక్ష, మొత్తం 5 లక్షలు. ఆ ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లు మన వాడకట్టు వాళ్లే, మన చుట్టాలే. వాళ్ల గుడిసెలు పోయి స్లాబు పడటం మనకు సంతోషం.

మరి బేస్‌మెంట్ తవ్వుకోవడానికి గజం జాగా కూడా లేనివాళ్లం ఏం చేయాలి? ఊళ్లో అందరికంటే పేదవాళ్లమే అందరికంటే వెనక నిలబడ్డాం. జాగా చూపిస్తారో, కట్టిన ఇల్లే ఇస్తారో, ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పడం లేదు. ఇల్లు ఆలస్యం కావచ్చు గానీ ఒకటో తారీఖు ఆగదు. కిరాయి ఆగదు.

బీడీలు చేసే అక్క ఉండే గది ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆఫీసుల్లో కూర్చునేవాళ్లు కూడా ఒకసారి వచ్చి చూడాలి. రేకుల కప్పు కింద ఒకటే గది. ఒక మూల తడిపి గోనెగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు, ఇంకో మూల గ్యాస్ పొయ్యి, నడుమ పిల్లల పుస్తకాల సంచులు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర. వాన పడి రేకు కారితే ముందు ఆకునే పక్కకు జరపాలి, ఎందుకంటే మచ్చపడిన ఆకుతో చుట్టిన బీడీని కార్ఖానాలో ఏరి పారేస్తారు, ఆ నష్టం కూలిలో కోసుకుంటారు. రేకు మార్చమని అడిగితే ఓనరు కిరాయి పెంచుతానంటాడు. తంబాకు వాసన పడటం లేదు, ఖాళీ చేయమనే ఓనర్లూ ఉన్నారు. ఆమెకు ఆ గది ఇల్లే కాదు, పని చేసుకునే చోటు కూడా. గది పోయిన రోజు కూలి కూడా పోతుంది.

ఈ ప్రాంతంలో పనికీ ఇంటికీ ఒకప్పుడు ముడి ఉండేది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది 1930లలో. కార్మికులకు క్వార్టర్లు కట్టించింది. చుట్టుపక్కల మండలాల్లో చెరుకు సాగు, నరుకుడు, బండ్లు తోలడం, అన్నీ దాని మీదే నడిచాయి. 2002లో ఫ్యాక్టరీని ప్రైవేటుకు అప్పజెప్పారు. 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు తగ్గి వరి పెరిగింది, వరి కోతకు మిషన్లు వచ్చాయి. కూలి దొరికే రోజులు తగ్గాక కొందరు గల్ఫ్‌కు పోయారు, కొందరు రైస్ మిల్లుల్లో హమాలీకి, ఇటుక బట్టీలకు పోయారు. ఆడవాళ్లకు బీడీలే దిక్కయ్యాయి. ఆ బీడీల మీద వసూలు చేసిన సెస్సుతోనే బీడీ కార్మికుల ఇళ్లకు, వైద్యానికి సాయం అందేది. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సును ఎత్తేశారు. అంటే ఇల్లు వచ్చే ఒక్కో దారీ మన కళ్ల ముందే మూసుకుపోయింది.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాలను ముంచిన వానలు కూడా గుర్తు చేసుకోండి. గోదావరి, మంజీర కలిసే కందకుర్తి మన మండలంలోదే. నది పొంగితే పొలం మునిగిన రైతు పేరు నష్టం లెక్కలో రాసుకుంటారు. ఇల్లు కూలితే ఇంటి యజమాని పేరు రాసుకుంటారు. ఆ ఇంట్లో ఉన్న కిరాయిదారు బియ్యం, బట్టలు, ఆకు నానిపోయినా ఏ కాగితంలో పేరు ఎక్కుతుంది? కిరాయి కుటుంబాల లెక్క ఏ పంచాయతీలోనూ విడిగా లేకపోతే ఆపద వచ్చిన రోజు మనం లేనట్టే.

అందుకే మనం అడిగేది ఇది. ప్రతి గ్రామ పంచాయతీ కిరాయి ఇళ్లల్లో ఉన్న కుటుంబాల రిజిస్టరు రాయాలి. అందులో ఒంటరి మహిళలు, వితంతువులు, వికలాంగులు ఉన్న ఇళ్లు, పిల్లలు దూరమైన ముసలివాళ్లు, గల్ఫ్‌లో మనిషి చనిపోయిన ఇళ్లు ముందుండాలి. వాళ్లకు ఇల్లో జాగానో వచ్చేదాకా కిరాయిలో సగం, నెలకు 1,500 రూపాయలు మించకుండా, బ్యాంకు ఖాతాలో వేయాలి. పంచాయతీ సొంత ఆదాయం ఈ బరువు మోయలేదని మనకూ తెలుసు. డబ్బు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలో గ్రామసభ తేల్చాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. గ్రామీణ గృహవసతి, పేదరిక నిర్మూలన, సాంఘిక సంక్షేమం, బలహీన వర్గాల సంక్షేమం ఆ జాబితాలోనివే. 2024 సెప్టెంబరులో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశలో కిరాయి ఇళ్లకు ఒక విభాగమే పెట్టారు. పల్లెలకు ఇచ్చే ఆవాస్ యోజనలో ఆ ఊసే లేదు. పట్నంలో కిరాయి బాధ ఉంటుందనీ పల్లెలో ఉండదనీ ఎవరు తేల్చారు? అమెరికాలో 1974 చట్టంతో మొదలైన పద్ధతి ఒకటుంది. పేద కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం కిరాయికి కడితే మిగతాది స్థానిక గృహవసతి సంస్థ ఇంటి యజమానికి చెల్లిస్తుంది. అంత దూరం వద్దనుకుంటే కేరళను చూడండి. అక్కడ 2021 నుంచి స్థానిక సంస్థలే వాడవాడా తిరిగి అతి పేద కుటుంబాలు 64,006 అని లెక్క తేల్చాయి. ఒక్కో ఇంటికి ఏం కావాలో విడివిడిగా రాసుకున్నాయి. ఒకరికి మందులు, ఒకరికి కార్డు, ఒకరికి ఇల్లు. గీత గీసి అందరికీ ఒకటే అనలేదు. మన దగ్గర ఆశా అక్క, అంగన్‌వాడీ టీచరు, గ్రామ సంఘం వీఓఏ ఇంటింటి గుట్టు ఎరిగినవాళ్లు. వాళ్లను కూర్చోబెడితే రెంజల్ మండలంలో ఆ లెక్క తేల్చడం పెద్ద పని కాదు.

కొత్త సాయం కోసం కొట్లాడుతూనే, ఉన్న సాయాన్ని వదులుకోవద్దు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు కిరాయిదారులకూ వర్తిస్తుంది. కానీ మూడు పోర్షన్లకు ఒకటే మీటరు ఉన్న ఇంట్లో లెక్క 200 దాటుతుంది, అప్పుడు మొత్తం బిల్లు మీద పడుతుంది. అలాంటి ఇళ్లకు వేరే మీటరు ఇప్పించాలని కూడా తీర్మానంలో రాయించాలి. మీ రేషన్ కార్డు, మీటరు సర్వీసు నంబరు పట్టుకుని ఎంపీడీఓ ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రానికి పోండి. బీడీ పింఛను, ఒంటరి మహిళ పింఛను నెలకు 2,016 రూపాయలు. బీడీ పింఛనుకు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉండాలన్న నిబంధన వల్ల ఎందరో అక్కలు బయటే ఉండిపోయారు. ఆ తారీఖు మార్చాలని గట్టిగా అడగాలి. గల్ఫ్‌లో 2023 డిసెంబరు 7 తర్వాత చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ఉంది, కలెక్టరేట్‌లో దరఖాస్తు చేయాలి. గ్రామ సంఘాల దగ్గర ఆపదలో ఉన్న కుటుంబాల కోసం వీఆర్‌ఎఫ్ అనే నిధి ఉంటుంది, మీ సంఘంలో దాని లెక్క అడగండి. ఇంట్లో హింస ఉంటే 181, పిల్లల గురించి 1098, ముసలివాళ్ల కోసం 14567, ఉచిత న్యాయ సాయానికి 15100 నంబరుకు ఫోన్ చేయండి.

ఇంటి ఓనర్లకు ఒక మాట. మీరు మా శత్రువులు కారు. మీలో చాలామంది పిల్లల పెళ్లికో చదువుకో దాచిన డబ్బుతో ఒక గది ఎక్కువ వేసుకున్నవాళ్లే. కిరాయి కాగితం రాసిస్తే ఇల్లు చేయి జారుతుందని భయపడుతున్నారు. పదకొండు నెలల ఒప్పందం రాసిస్తే ఇల్లు మీదే ఉంటుంది. ఆ కాగితం ఉంటే కిరాయిదారుకు సాయం వస్తుంది, మీకు కిరాయి టైముకు ముడుతుంది. ఖాళీ చేయించాలనుకుంటే నెల కిరాయి పద్ధతిలో 15 రోజుల నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది. రాత్రికి రాత్రి సామాను రోడ్డు మీద పెట్టడం ఎవరికీ మర్యాద కాదు.

ఇక చేయాల్సింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. 2025 డిసెంబరు ఎన్నికల్లో మన ఓట్లతో గెలిచిన సర్పంచులు, వార్డు మెంబర్లు ఇప్పుడు ఆ కుర్చీల్లో ఉన్నారు. కందకుర్తి, నీల, సాటాపూర్, తాడ్‌బిలోలి, దూపల్లి, బోర్గాం, కళ్యాపూర్, వీరన్నగుట్ట, రెంజల్, ఏ ఊరివాళ్లు ఆ ఊరి గ్రామసభకు రండి. కూలి పోతుందని ఆగిపోవద్దు. ఇంటికొకరన్నా రండి. అక్కలు ముందు కూర్చోండి. కిరాయి కుటుంబాల రిజిస్టరు, కిరాయి సాయం, వేరే మీటరు, ఎల్-2 వాళ్లకు జాగా, ఈ నాలుగూ తీర్మానాల పుస్తకంలో రాయించండి. రాసింది పైకి చదివించుకున్నాకే సంతకం పెట్టండి. చదువు రానివాళ్లకు చదువుకునే పిల్లలు పక్కన కూర్చుని చెప్పాలి. తీర్మానం నకలు ఇవ్వమంటే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద కాగితం పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి, తెల్ల కార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

ఆ నకళ్లతో సోమవారం నిజామాబాద్ కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోదాం. ఒక్కరుగా కాదు, ప్రతి ఊరి నుంచి ఆటో కట్టుకుని పోదాం. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి, రసీదు నంబరు రాసిపెట్టుకోండి. ఇంకో కాపీ బోధన్‌లో ఎమ్మెల్యే ఆఫీసులో ఇవ్వండి.

వచ్చేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, ప్రజాపాలన రసీదు, కరెంటు బిల్లు, ఉంటే కిరాయి కాగితం తెచ్చుకోండి. కాగితం లేకపోయినా రండి. మీ వాడకట్టులో బీమారుతో మంచం పట్టినవాళ్లు, రాలేని ముసలివాళ్లు ఉంటే వాళ్ల పేర్లు రాసుకుని రండి. ఈ కరపత్రం చదివాక పక్క గదివాళ్లకు ఇవ్వండి.

— రెంజల్ మండల కిరాయి కుటుంబాల తరఫున