రెండో కోడింగ్ భాషకు ముందు...



పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మధ్య తరచూ వినే ప్రశ్న ఇది: "మేడమ్, మా బాబుకి పైథాన్ వచ్చేసింది. ఇక జావాలో చేర్పించమంటారా?" మీ ఆతృత అర్థమవుతుంది. జాతీయ విద్యావిధానం 2020 కూడా 6-8 తరగతుల్లోనే కోడింగ్ పరిచయం చేయాలంది. అయితే స్పెల్లింగులన్నీ వచ్చినంత మాత్రాన వ్యాసం రాయడం వచ్చేసినట్టు కాదు కదా! కోడింగ్ కూడా అంతే. రెండో భాషకు ఫీజు కట్టే ముందు, మొదటి భాషతో పిల్లలు ఆలోచించగలుగుతున్నారో లేదో చూడమని నా మనవి.

ఉదాహరణకు, స్కూలు లైబ్రరీకి ప్రోగ్రామ్ రాయాలనుకుందాం. కీబోర్డు ముట్టుకునే ముందు నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు రాసుకోవాలి. ఇందులో ఏమేం ఉన్నాయి? ఒక్కొక్కదానికి ఏం తెలిసి ఉండాలి? ఏది ఏ పని చేయాలి? విద్యార్థి, పుస్తకం అని మొదలవుతుంది. ఒకే పుస్తకానికి ఐదు కాపీలుంటే? పేరు, రచయిత ఐదింటికీ ఒకటే. ఎవరి దగ్గర ఉందన్నది మాత్రం ఒక్కో కాపీకి వేరు. కాబట్టి పుస్తకం, కాపీ రెండూ వేర్వేరు. ఈ తేడా పట్టుకున్న పిల్లవాడు డిజైన్ మొదలుపెట్టినట్టే.

దీన్నే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి అంటారు. మీరు నింపే అడ్మిషన్ ఫారాన్నే తీసుకోండి. ఖాళీ ఫారం 'క్లాస్' లాంటిది, మీ పాప వివరాలతో నింపినది 'ఆబ్జెక్ట్' లాంటిది. 1960ల్లో నార్వేలో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ 'సిములా' భాషతో ఈ ఆలోచనకు పునాది వేశారు. ఈనాటి పైథాన్, జావా రెండింటిలోనూ అదే ఉంది. భాషలు మారినా ఆలోచన నిలిచింది.

డిజైన్‌లో శ్రద్ధ తగ్గితే నష్టం చిన్నది కాదు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారకుడి దగ్గరకు చేరి కూడా దక్కకుండా పోయింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల కొలతలో ఇచ్చిన లెక్కను మరొకటి న్యూటన్లుగా తీసుకుంది. అక్కడివాళ్లకు కోడింగ్ రాక కాదు. ఒక భాగం మరో భాగానికి ఏ కొలతలో లెక్క అందిస్తోందో ఎవరూ సరిచూడలేదు.

మరి డిజైన్ ఒక్కటే చాలా అంటే, చాలదు. రాసి, నడిపి, తప్పులు దిద్దుకోవాల్సిందే. అందుకు ఈ వయసులో ఒక్క భాష చాలు.

ఈసారి పిల్లలు సర్టిఫికెట్ తెచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "లైబ్రరీ ఫైన్ రోజుకు రూపాయి నుంచి రెండు రూపాయలైతే, నీ ప్రోగ్రామ్‌లో ఎన్ని చోట్ల మార్చాలి?" "ఒక్క చోటే" అని చెప్పి, ఎక్కడో చూపిస్తే, ఆ సర్టిఫికెట్ కంటే ఆ జవాబుకే ఎక్కువ సంతోషించండి.