తెర మీద సాగు పాఠం: ఆచరించే ముందు అడగాల్సిన ప్రశ్నలు

2024 మే నెలలో డీడీ కిసాన్ ఛానల్ కృష్, భూమి అనే ఇద్దరు ఏఐ యాంకర్లను తెర మీదికి తెచ్చింది. వీరు 50 భాషల్లో మాట్లాడగలరని ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో తెలంగాణ ప్రభుత్వం రైతు వేదికల్లో వీడియో కాన్ఫరెన్స్ ద్వారా 'రైతు నేస్తం' ప్రారంభించింది. రెండూ సాగు పాఠాలే. మొదటిదానిలో రైతు వింటాడు, రెండోదానిలో శాస్త్రవేత్తను అడగగలడు. చిన్న రైతుకు పనికొచ్చేది ఈ అడిగే అవకాశమే.

ఇది కొత్త ఆలోచన కాదు. 1967 జనవరి 26న 'కృషి దర్శన్' మొదలైనప్పుడు ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల్లో అందరూ కలిసి చూసేలా టీవీలు పెట్టారు. 1975-76లో 'సైట్' ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. పగలు బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు ఉండేవి. తెలుగులోనూ వచ్చేవి. ఊరంతా ఒకచోట కూర్చుని చూస్తే, "మన నేలకు ఇది సరిపోతుందా?" అని పక్కనే మాట్లాడుకునే వీలుంటుంది.

ఇప్పుడు ఫోనులో ఎవరికి వారే చూస్తున్నాం. మంచి వీడియోలు చాలా ఉన్నాయి. అయితే మందులు అమ్ముకోవడానికి తీసినవీ వాటిలో కలిసిపోయాయి. పొరపాటు జరిగితే నష్టపోయేది రైతే.

ఒక ఉదాహరణ చూద్దాం. వీడియోలో "లీటరు నీటికి 2 మి.లీ." అని చెప్పారు. ఎకరానికి 200 లీటర్ల మందు నీరు పిచికారీ చేస్తే 400 మి.లీ. మందు పడుతుంది. అదే లెక్కతో 100 లీటర్లే కొడితే 200 మి.లీ. మాత్రమే పడుతుంది. పురుగు చావదు, ఖర్చు వృథా. కాబట్టి ఎకరానికి ఎంత మందు, ఎంత నీరు అన్న రెండు లెక్కలూ తెలియాలి.

ఏ వీడియో చూసినా ఇవి గమనించండి:

• ఎప్పుడు, ఏ ప్రాంతంలో తీశారు? మీ నేల, నీటి వసతి, విత్తే సమయం దానికి సరిపోతాయా?
• చెప్పేది శాస్త్రవేత్తా, సాటి రైతా, అమ్మకందారా?
• దిగుబడి ఒక్కటే చెప్పారా, ఖర్చు కూడా చెప్పారా?
• మందు డబ్బా లేబుల్ మీద మీ పంట పేరు, మోతాదు ఉన్నాయా? వీడియోకూ లేబుల్‌కూ తేడా ఉంటే లేబుల్‌నే పాటించండి.
• కొత్త పద్ధతిని ముందు నాలుగైదు సెంట్లలో చేసి చూడండి.

నలుగురు రైతులు కలిసి చూసి, అనుమానాలు రాసుకుని వ్యవసాయ విస్తరణ అధికారిని లేదా కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే సమాధానం చెబుతారు.