పోలీసు కోసం కాదు, పానం కోసం

రోడ్డు మీద మనిషి చచ్చిపోతే చెప్పడానికి రెండు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి, "వాని గీత అంతే ఉన్నది". రెండోది, "లారీవాడు గుద్దిపోయిండు". సగం దేవుని మీద, సగం డ్రైవరు మీద వేసి మనం మళ్లీ బండి స్టార్టు చేస్తాం. హెల్మెట్ మాత్రం అద్దానికి వేలాడుతూనే ఉంటుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. ఇందులో 74,897 మంది టూవీలర్ల మీద పోయినవాళ్లే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది వెనుక కూర్చున్నవాళ్లు. మొత్తం చావుల్లో 71 శాతం అతివేగం ఖాతాలోనే ఉన్నాయి. ఎవరు వీళ్లంతా? పొద్దున కాలేజీకి బయల్దేరిన పోరగాళ్లు, డ్యూటీకి పోయే చిన్న ఉద్యోగులు, కూరగాయల మూటతో అంగడికి పోయే రైతులు. గీతకు టూవీలరోళ్ల మీదనే ఇంత పగ ఎందుకు?

సర్కారును అడగాల్సింది అడగాల్సిందే. 2014 జూలై 24న మాసాయిపేటలో కాపలా లేని రైల్వేగేటు దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దితే పసిపిల్లలు పోయారు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాటు రోడ్డులో, వంద మందికి పైగా ఎక్కిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. గేటుకు మనిషిని పెట్టడం, చాలినన్ని బస్సులు వేయడం, మలుపుకు రెయిలింగు కట్టడం పాలకుల పని. అది చెయ్యకపోతే కొట్లాడి చేయించుకోవాలి. కానీ బండి ఎంత స్పీడు పోవాలన్నది మాత్రం మన కుడిచేతి పని. దానికి ఏ మంత్రికీ దరఖాస్తు పెట్టే అవసరం లేదు.

స్పీడు లెక్క ఒకసారి చూద్దాం. 60 స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా బర్రె కనబడి, బ్రేకు తొక్కాలని మెదడుకు తట్టి, కాలు కదిలేసరికే ఆ 17 మీటర్లు అయిపోతాయి. బ్రేకు పడ్డాక మంచి రోడ్డు మీద ఇంకో 20 మీటర్లు పోయి ఆగుతుంది. అదే 40 స్పీడులో అయితే మొత్తం కలిపి 20 మీటర్లలోనే ఆగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలు అవుతుంది. ఫోను మోగితే మూడు సెకన్లు దిక్కు చూశామనుకోండి, 60 స్పీడులో 50 మీటర్లు కండ్లు మూసుకుని నడిపినట్టే. తాగి నడిపేవాణ్ని తిట్టేవాళ్లు ఫోను చూస్తూ నడిపేవాణ్ని ఎందుకు తిట్టరు?

మన ఊర్ల రోడ్ల మీద రాత్రిపూట సంగతి వేరే. కోతల కాలంలో రోడ్డు సగం వడ్లే ఉంటాయి. కుప్ప మీద నల్ల పట్టా, దాని చుట్టూ రాళ్లు. వెనుక లైటు లేని ట్రాక్టరు, రోడ్డు పక్కన ఆపిన లారీ. రైతును తిట్టి లాభం లేదు. కల్లాలు కట్టిస్తే, కొనుగోలు కేంద్రాల్లో వెంటవెంటనే కాంటా పెడితే రైతు రోడ్డెక్కడు. అయినా చీకటి పడేలోపు రాళ్లు తీసెయ్యడం, ట్రాక్టరు వెనుక నాలుగు రేడియం స్టిక్కర్లు అతికించడం ఊరోళ్ల చేతిలో పనే. నడిపేవాళ్లకు సూత్రం ఒక్కటే: హెడ్‌లైటు వెలుగు ఎంతదూరం పడుతుందో అంతలోపల ఆగగలిగే స్పీడులోనే పోవాలి. ఎదురు బండి వస్తే డిప్పర్ కొట్టాలి.

మిగిలినవి కూడా కొత్త ముచ్చట్లేమీ కావు. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటినాక మనం ఆ స్తంభం దగ్గరికి చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి. వానలో ఇంకా ఎక్కువ. యూటర్న్ కిలోమీటరు దూరం ఉందని రాంగ్‌రూట్ల పోతే మిగిలేది రెండు నిమిషాలు. పోయేదేమిటో వేరే చెప్పాలా? హెల్మెట్ ఐఎస్ఐదే కొనాలి, బెల్టు బిగించాలి. బెల్టు పెట్టని హెల్మెట్ మనిషి కంటే ముందు కిందపడుతుంది. వెనుక కూర్చున్న భార్యకూ ఒకటి ఉండాలి, ఆమెది తలకాయ కాదా? కారులో వెనుక సీటోళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. పదో తరగతి కొడుక్కు బండి ఇచ్చి మురిసే తండ్రులు ఒకటి తెలుసుకోవాలి. మైనరు ప్రమాదం చేస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రికే మూడేండ్ల దాకా జైలు, 25 వేల జరిమానా.

ఇంకొక మాట. దెబ్బలు తాకి పడి ఉన్న మనిషి చుట్టూ గుంపు చేరుతుంది, సెల్‌ఫోన్లు లేస్తాయి, చేతులు లేవవు. "కేసులో ఇరుక్కుంటం" అన్న భయం. సాయం చేసినవాళ్లను వేధించొద్దని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో అది చట్టంలోకే ఎక్కింది. పేరు చెప్పమని కూడా బలవంతం చెయ్యరాదు. 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా పక్కన నిలబడండి చాలు.

చలాను భయంతో వచ్చిన అలవాటు పోలీసు కనబడేదాకే ఉంటుంది. చౌరస్తా దాటంగనే హెల్మెట్ తీసేసేవాడు ఎవరిని మోసం చేస్తున్నట్టు? అందుకే మేం అనేది ఇది: ఈ పని పోలీసుకు వదిలిపెట్టొద్దు. విద్యార్థి సంఘాలు కాలేజీ గేటు దగ్గర, ఉద్యోగ సంఘాలు ఆఫీసు పార్కింగు దగ్గర మొదలుపెట్టాలి. హెల్మెట్ లేని దోస్తును బండి మీది నుంచి దింపాలి. కోపం చేస్తే చెయ్యనీ. రేపు మాట్లాడటానికి మనిషి ఉంటాడు.