లెక్క ఎవరితో మొదలుపెట్టాలి?



ఒంటిపూట బడులు మొదలైతే చాలు, ప్రతి ఇంట్లోనూ పిల్లలది ఒకటే ప్రశ్న: "నాన్నా, ఈ సెలవులకు ఎక్కడికి తీసుకెళతారు?" ఒకప్పుడు అమ్మమ్మగారి ఊరు అంటే సరిపోయేది. ఇప్పుడు మా సంఘంలో మిరపకోతలకు వెళ్లేవారి పిల్లలు కూడా వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీ అని పేర్లు పెట్టి అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. ఏడాదంతా పొలంలో, బడిలో అలసిన కుటుంబం ఒక్కరోజు కలిసి నవ్వుకోవడం మంచిదే. అయితే ఆ ఒక్కరోజు కోసం ముందుగా కూర్చుని చేయవలసిన పని కొంత ఉన్నది. అది చేయక మేము పడిన సిగ్గును మొదట చెప్పుకుంటాము.

కొన్ని సంవత్సరాల క్రితం, మే నెలలో, పిల్లల పోరు పడలేక ఒక గురువారం సాయంత్రం "రేపు రాత్రికి బయలుదేరదాం" అన్నాము. ఆదివారం ఆరాధనకు తిరిగి రావాలి గనుక శుక్రవారం రాత్రి బస్సెక్కి, శనివారం హైదరాబాదు దగ్గర ఒక పార్కు చూసి, ఆ రాత్రికే బయలుదేరాలని మా ఆలోచన. మేము, మా ఇంటావిడ, ఏడో తరగతి చదివే అమ్మాయి, ఐదేళ్ల బాబు, మా అత్తగారు. టిక్కెట్టు ఎంతో, లోపల ఏమి ఉంటుందో ఎవరినీ అడగలేదు. వెళితే తెలుస్తుందిలే అనుకున్నాము.

వెళ్లాక తెలిసింది. తెచ్చిన డబ్బులో సగానికి పైగా గేటు దగ్గరే అయిపోయింది. బయటి తిండి లోపలికి తీసుకెళ్లకూడదట, తెల్లవారుజామున చేసినట్టు వాసన తగ్గని పులిహోర డబ్బా అక్కడే వదిలాము. బాబు ఎక్కాలనుకున్న ప్రతి ఆట దగ్గరా ఎత్తు చూసే గీత ఉన్నది. ఆ గీతకు వాడి తల జానెడు కింద ఆగిపోయింది. వాడు నేలమీద కూర్చుని ఏడ్చాడు.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, షుగరు కూడా. "నేను సంచుల దగ్గర కూర్చుంటాను, మీరు వెళ్లి రండి బాబూ" అన్నారు. పదకొండు గంటలకు ఒక చెట్టుకింద కూర్చోబెట్టి వెళ్లాము. గంటలో వద్దామనుకున్నాము. ఒక్క వరుసలోనే గంటన్నర పట్టింది. ఇంకొకటి, ఇంకొకటి అంటూ తిరిగి వచ్చేసరికి నాలుగు దాటింది. ఆమె అక్కడే ఉన్నారు. పులిహోర గేటు దగ్గర, డబ్బు మా జేబులో. సంచులు వదిలి వెళ్లడానికి భయపడి మంచినీళ్లకు కూడా లేవలేదు. చేతులు వణుకుతున్నాయి. మమ్మల్ని చూడగానే బాబును దగ్గరకు తీసుకుని, "బాగా ఆడుకున్నావా నాన్నా?" అని అడిగారు.

పరుగెత్తి చెరకు రసం తెచ్చి తాగించాము. కాసేపటికి తేరుకున్నారు. తిరుగు బస్సులో మేమూ మా ఇంటావిడా తప్పు నీదంటే నీదని వాదించుకున్నాము. మరునాడు ప్రసంగ పీఠం మీద నిలబడి కుటుంబ ప్రేమను గురించి మాట్లాడవలసి వచ్చింది. మా మాట మాకే చేదుగా తోచింది. గోపురం కట్టబోయి ఖర్చు లెక్క చూసుకోని మనిషి సంగతి ఎన్నిసార్లు చెప్పామో!

ఇలాంటి పార్కులు కట్టినవారికి కూడా మొదటి రోజు లెక్క తప్పింది. అమెరికాలో వాల్ట్ డిస్నీ కట్టిన డిస్నీలాండ్ 1955 జూలై 17న మొదలైంది. పిలుపు అందినవారితో పాటు నకిలీ టిక్కెట్లు పట్టుకుని వేలమంది లోపలికి వచ్చేశారు. తినుబండారాలు అయిపోయాయి. కుళాయి పనివారి సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు చాలినన్ని లేవు. కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి ఆడవారి ఎత్తుమడమల చెప్పులు అందులో దిగబడ్డాయి. అంత డబ్బు, అంతమంది పనివారు ఉన్న చోటనే నీళ్లు, ఎండ, జనం లెక్కకు అందకపోతే, సంచి భుజాన వేసుకుని బయలుదేరే మనమెంత? అందుకే మా అనుభవం నుండి నాలుగు మాటలు చెబుతాము.

మొదటిది డబ్బు. గేటు దగ్గర కట్టేది ఖర్చులో ఒక భాగమే. దారి ఖర్చులు, తిండి, నీటి ఆటలకు బట్టలు, సామాను దాచుకునే అలమర అద్దె, అనుకోకుండా వచ్చే ఖర్చు, ఇవన్నీ విడివిడిగా కాగితం మీద రాయాలి. కూడిక చేశాక గుండె గుభేలుమంటే ఈ ఏడు మానుకోవడంలో అవమానమేమీ లేదు. అప్పు మాత్రం చేయవద్దు. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే నెలకు మూడువందలు, ఏడాదికి 3,600 రూపాయలు వడ్డీకే పోతుంది. పిల్లలు ఆ ఆటలను మరచిపోయిన తరువాత కూడా మనము వడ్డీ కడుతూనే ఉంటాము. దానికి బదులు మిరప, పత్తి అమ్మిన రోజు నుండి ఒక డిబ్బీ పెట్టండి. పిల్లల చేతనే అందులో వేయించండి. ఎదురుచూడడంలో సగం సంతోషం ఉన్నది.

రెండవది రోజు. మే నెల ఎండలో పసిపిల్లలను, వృద్ధులను రోజంతా బయట తిప్పడం ప్రమాదం. దసరా సెలవులు, లేదా వర్షాలు తగ్గిన తరువాత వచ్చే చల్లని నెలలు మేలు. శని, ఆదివారాల కంటే వారం మధ్యలో వరుసలు చిన్నవి. రైలులో వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఇదివరకు 120 రోజుల ముందుగా రిజర్వేషన్ చేయించుకునే వీలుండేది. 2024 నవంబరు 1 నుండి దాన్ని 60 రోజులకు తగ్గించారు. కాబట్టి రెండు నెలల ముందే తారీఖు తేల్చుకోవాలి. ఐదేళ్లు నిండిన పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి టిక్కెట్టే పడుతుంది. అదీ లెక్కలో వేసుకోవాలి.

మూడవది అక్కడి నియమాలు. బయలుదేరే ముందే ఫోను చేసి అడగండి, లేదా చదువుకున్న పిల్లల చేత ఫోనులో చూపించుకోండి. వండర్‌లా వంటి చోట్ల పిల్లల టిక్కెట్టును వయసును బట్టి కాక ఎత్తును బట్టి నిర్ణయిస్తారు. ఇంట్లోనే గుమ్మానికి ఆనించి పిల్లల ఎత్తు కొలిచి, ఏ ఆట ఎక్కవచ్చో, ఏది ఎక్కకూడదో ముందే చెప్పండి. అక్కడ ఏడ్చే ఏడుపు ఇంట్లోనే తీరిపోతుంది. ఆ గీత మన బిడ్డను చిన్నబుచ్చడానికి పెట్టింది కాదు. భుజాల మీద పడే ఇనుప కడ్డీ చిన్న ఒంటిని గట్టిగా పట్టి ఉంచలేదు. గర్భిణులు, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు పెద్ద ఆటలు ఎక్కకూడదు. నీటి ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాను బట్టలు కావాలి. వరుసకు కూడా ఒక లెక్క ఉన్నది. ఒక్కొక్క విడతకు ఇరవైమంది, విడతకు నాలుగు నిమిషాలు అనుకుంటే, మన ముందు రెండువందలమంది ఉంటే నలభై నిమిషాలు నిలబడాలి. అన్నీ ఎక్కాలని ఆశపడితే దేనికీ తృప్తి ఉండదు. ఇంటిల్లిపాదీ కలిసి నాలుగైదు ఎంచుకుని, పెద్దవి పొద్దుటే ముగించుకోవాలి.

నాలుగవది అన్నింటికంటే ముఖ్యము. మేము లెక్కను ఆటలతో మొదలుపెట్టాము. మా తప్పు అక్కడే జరిగింది. ఇంట్లో అందరికంటే తక్కువ నడవగలిగినవారు ఎవరో, వారితో లెక్క మొదలుపెట్టాలి. వారు ఎక్కడ కూర్చుంటారు? మందులు, వాటితో తినే తిండి ఏ వేళకు అందాలి? వారి చేతిలో డబ్బు, ఒక ఫోను ఉన్నాయా? తోడు ఎవరుంటారు? పెద్దలు వంతులవారీగా వారి దగ్గర ఉండాలి. కలుసుకునే చోటు, వేళ ముందే అనుకోవాలి. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టాలి.

రెండేళ్ల తరువాత మళ్లీ బయలుదేరాము. ఈసారి దసరా సెలవులు, వారం మధ్యలో. ముందుగా మా అత్తగారిని అడిగాము. ఆమె నమ్మలేదు. "నాకేమిటి బాబూ, పిల్లల్ని అడగండి" అన్నారు. పట్టుబట్టి అడిగితే, "సినిమాల్లో చూపించే రైలు స్టేషను ఉంటుందటగా, అది చూడాలని ఉంది" అన్నారు.

అలా రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాము. హైదరాబాదు నుండి విజయవాడ వెళ్లే దారిలో, 1996లో మొదలైన చోటు అది. 1,666 ఎకరాలలో ఉన్న ఆ ప్రాంగణాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద చిత్ర నిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకంలో నమోదు చేశారు. సందర్శకులను బస్సులలో తిప్పి చూపిస్తారు గనుక నడవలేనివారికి కొంత సులువు. మా అత్తగారు కిటికీ పక్కన కూర్చున్నారు. వేళకు తిన్నారు, మాత్ర వేసుకున్నారు. ఆ స్టేషను దగ్గర కాసేపు నిలబడి, "రైలు రాని స్టేషను, టిక్కెట్టు లేకుండానే దిగాము" అని పకపకా నవ్వారు. బాబు కూడా నవ్వాడు. ఆ రోజు మేము ఎక్కిన ఆటలు మూడే. తిరుగు బస్సులో ఎవరూ ఎవరితోనూ వాదించలేదు.

ఆ స్టేషను సంగతి ఆమె నేటికీ స్త్రీల కూడికలో చెబుతుంటారు. చెట్టుకింద కూర్చున్న రోజును గురించి మాత్రం ఇంతవరకు ఒక్క మాట అనలేదు. మేమే మరచిపోలేదు.

మీ ఇంట్లో కూడా ఈ సెలవుల మాట వచ్చి ఉంటే, రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒక కాగితం తీసుకుని కూర్చోండి. మొదటి గీత మీద పార్కు పేరు రాయవద్దు. ఇంట్లో పెద్దవారి పేరు రాయండి. ఆ కింద పిల్లల పేర్లు రాయండి. ఆ తరువాత డబ్బు లెక్క వేయండి. ఎక్కడికి వెళ్లాలో ఆ కాగితమే చెబుతుంది.