వృథా నీరట!

ఆ మధ్య టీవీ చర్చలో ఒకాయన తేల్చిపారేశాడు: "ఎదురుగా సముద్రం పెట్టుకున్న కోస్తాకి కరువేమిటండీ? నీళ్లన్నీ సముద్రంలోకి వృథాగా పోతుంటేనూ!" పక్కనున్నవాళ్లు తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

ఈ "వృథా" అన్న మాట కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, పార్టీలకతీతంగా అందరి నోటా అదే పాట. వరద రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది గోదారిలోకొచ్చిన ఇలసే పులస అవుతుంది. దానికి వేలు పోసి, పులుసు జుర్రుకుని, చెయ్యయినా కడుక్కోకుండా "నీళ్లు వృథా" అనే పెద్దమనుషుల్ని ఏమనాలి? ఆ చేపను పిలిచిందే మీ వృథా నీరు! కోరింగ మడ అడవి బతికేదీ ఏటి నీరు, పోటు నీరు కలిసే చోటే. 2001-04 కరువేళ్లలో కృష్ణ నుంచి సముద్రానికి చేరింది దాదాపు శూన్యం. వృథా ఆగింది కదా, మరి డెల్టా బాగుపడిందా?

ఇక కరువు లెక్క. 2016 నాటి కేంద్ర కరువు నియమావళిలో వాన లోటుంది, పంట విస్తీర్ణముంది, నేల తేమ, ఉపగ్రహానికి కనిపించే పచ్చదనం, ఏటి ప్రవాహం కూడా ఉన్నాయి. ఉప్పు లేదు. దివిసీమ శివారులో వాన పడ్డా, పైనుంచి కృష్ణ రాకపోతే ఉప్పునీరు ఎగదన్నుతుంది. కాగితం మాత్రం "వర్షపాతం సాధారణం" అంటుంది. అక్కడి బోరు నీళ్లు ఓ గుక్క తాగి చెప్పమనండి!

అమెరికాలో కరోలినా తీరాన నదీముఖాల దగ్గర ఉప్పదనం కొలిచి, వాన లోటు సూచీలాగే ఉప్పు సూచీ కట్టారు. వాళ్లేదో పుట్టు తెలివైనవాళ్లని కాదు; ఏరు చిక్కితే ఏమవుతుందో వాళ్లూ చూశారు. ఫ్లోరిడాలో అపలాచికోలా అఖాతంలో 2012 కరువుకి ఏరు చిక్కి, ఉప్పు పెరిగి, ఆల్చిప్పల్ని తొలిచి తినే నత్తలు చొరబడ్డాయి. 2020 చివర్లో అక్కడ ఆల్చిప్పల వేటే అయిదేళ్లు మూసేశారు.

మనమూ ఉప్పు కొలవడానికి డబ్బెక్కడిదంటారా? శంకుస్థాపనలకు ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కణ్ణుంచే.

ప్రకాశం బ్యారేజీ కింద, ధవళేశ్వరం కింద, ఉప్పుటేరులో నాలుగుచోట్ల ఉప్పు కొలవండి. హద్దు దాటగానే రైతుకీ, చెరువులవాళ్లకీ, వేటకెళ్లేవాళ్లకీ ఫోను మోగాలి. అది ఏ శాఖ పనో వాళ్లూ వాళ్లూ కొట్టుకు చావనీండి.

ఈసారి ఎవరైనా మైకు పట్టుకుని "సముద్రంలోకి వృథాగా" అన్నారో, ఎండాకాలం నాగాయలంక నుంచి సీసాడు నీళ్లు తెప్పించి వాళ్ల ముందు పెట్టండి.