కార్డోబాలో రెండు రకాతులు

యూరప్ సఫర్‌లో నేనూ మా బేగమూ పారిస్, రోమ్ చూశాం, ఫోటోలు దిగాం. దిల్ ఆగిపోయింది మాత్రం స్పెయిన్‌లోని కార్డోబా మస్జిద్‌లో. 8వ శతాబ్దంలో మొదటి అబ్దుర్రహ్మాన్ మొదలుపెట్టించాడు. వందలాది స్తంభాలు, ఎరుపూ తెలుపూ కమాన్లు, మెహ్రాబ్ చుట్టూ బంగారు మొజాయిక్, సుభానల్లాహ్! నడిమధ్యలో 16వ శతాబ్దంలో లేపిన చర్చి.

"రెండు రకాతులు చదువుకుందామండీ" అంది బేగం. అక్కడ నమాజ్‌కు ఇజాజత్ లేదు. టికెట్ కొని మరీ నిలబడి, దిల్‌లోనే దువా చేసుకున్నాం. నాకు గుస్సా ఆగలేదు.

బయటికొచ్చాక బేగం అడిగింది: "2020లో ఇస్తాంబుల్‌లో అయాసోఫియాను మళ్లీ మస్జిద్ చేస్తే మిఠాయి పంచారు కదా. అది కూడా ఒకప్పుడు ఈసాయీల చర్చే. వాళ్ల దిల్ గుర్తుకు రాలేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ జుల్మ్, అక్కడ ఫతహ్ అంటే ఇన్సాఫ్ కాదు. ఆ మిఠాయి పంచడం నా గల్తీ.

జొహర్ హోటల్ గదిలో చదువుకున్నాం.