మూసలో పడని నాణేలు

వెండి ధర పెరిగిన ప్రతిసారీ పాత రూపాయి బిళ్లలు బీరువా దాటి మూస దాకా వెళ్తాయి. ధర ఎంత పెరిగితే ఆ ప్రమాదం అంత ఎక్కువ. నాణెం అరుదైనదా అని ఆరా తీసేవారు సాధారణంగా అడిగేది ఆ ఏడాది టంకశాలలో ఎన్ని అచ్చయ్యాయనే. ఆ అంకెను అంతగా నమ్ముకోవద్దని నా వాదన. ఇవాళ ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో మిగిలాయి అన్నదాన్ని బట్టే ధర నిలబడుతుంది.

సికింద్రాబాద్ కంటోన్మెంటులో బ్రిటిష్‌వారి కల్దార్ రూపాయి చెల్లితే, చుట్టూ నిజాం రాజ్యమంతా హాలీ సిక్కా నడిచింది. 1903లో సైఫాబాద్‌కు మారిన టంకశాల చార్మినార్ బొమ్మతో రూపాయలు కొట్టింది. సంస్థానం విలీనమయ్యాక ఏడు హాలీలకు ఆరు కల్దార్ల లెక్కన మారకం కట్టారు. 1959 నాటికి హాలీ చెల్లుబాటు పోయింది. చెల్లని రూపాయికి మిగిలేది వెండి తూకమే. కొన్ని కరిగి పట్టీలు, కంచాలు అయ్యాయి. కొన్నింటికి టంకం పెట్టి కొక్కెం అతికించి మెళ్లో వేసుకున్నారు. అంచున ఆ మరక కనిపిస్తే సేకర్తలు సగం ధర కూడా పెట్టరు. కొన్ని మాత్రం అక్షరం అరగకుండా దక్కాయి. టంకశాల రిజిస్టరులో వీటన్నిటికీ ఒకే పద్దు.

1911 నాటి అయిదో జార్జి రూపాయి చూడండి. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవ రేగింది. దాదాపు 94 లక్షలు కొడితే జనంలోకి వెళ్లినవి 7 లక్షలే, తక్కినవి కరిగించేశారు. 1918లో మన దేశంలో వెండికి కటకట వచ్చినప్పుడు అమెరికా పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది. అందులో సుమారు 26 కోట్ల డాలర్ల వెండి మన రూపాయల కోసమే. ఏ ఏడాదివి ఎన్ని కరిగాయో ఎవరూ రాసిపెట్టలేదు. 1903లో న్యూ ఆర్లీన్స్‌లో 44 లక్షలకు పైగా అచ్చయిన డాలరు అందుకే దశాబ్దాల పాటు అపురూపంగా చలామణీ అయింది. 1962లో ఖజానా నుంచి సంచులకు సంచులు బయటపడగానే ధర కుప్పకూలింది. అచ్చయిన సంఖ్య మాత్రం ముందూ తర్వాతా అదే.

అచ్చు లెక్క కచ్చితం, మిగిలినవాటి లెక్క అంచనాయే కదా అనవచ్చు. నిజమే. కానీ అడగని ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఎందుకు? వేలంపాటలు, సేకర్తల జాబితాలు, బయటపడ్డ నిధులు ఆ అంచనాను ఎప్పటికప్పుడు సరిచేస్తూనే ఉంటాయి. ఇంతకంటే బరువైన అభ్యంతరం గిరాకీది. కొనేవాడు లేకపోతే ఒక్కటే మిగిలిన నాణేనికైనా ధర రాదు, ఇది ఒప్పుకోవలసిందే. అయితే గిరాకీ తలపడేది దొరికే నాణేలతోనే. పెద్దబంకూరు తవ్వకాల్లో వేల శాతవాహన నాణేలు దొరికాయి. ఆ కాలపు టంకశాల లెక్కలు ఒక్కటీ మనకు చేరలేదు. అయినా శాతవాహన నాణేలకు బజారు ధర కడుతూనే ఉంది, మిగిలినవాటిని చూసి.

అందుకే ఇంట్లో పాత రూపాయి ఉంటే చింతపండుతో తోమకండి. పైపొర పోతే తిరిగి రాదు. కరిగించే ముందు దాని మీది సంవత్సరం, టంకశాల గుర్తు తెలిసినవారికి ఒకసారి చూపించండి.